ఓలాయా జాడీ

పస్కా పండుగ వారం ఉందనగా సఫెద్ అనే కొండమీది ఊళ్ళో యూదుల రాగి గిన్నెలన్నీ ఓలాయా గడప ముందుకు వచ్చి చేరేవి. డేగిసాలు, మూకుళ్ళు, తప్పేలాలు. ఎవరి గిన్నె చెవికి వాళ్ళు గుడ్డపీలిక కట్టి గుర్తు పెట్టుకుని వదిలి వెళ్ళేవారు. పండుగ రోజుల్లో ఏ గిన్నెలోనూ పులిసిన పిండి జాడ ఉండకూడదు. ఓలాయా కిందివీధిలో కళాయి వేసే మనిషి. ఆడమనిషి కళాయి వేయడమేమిటని మొదటి ఏడు అడిగారు. రెండో ఏడు గిన్నెలు తెచ్చారు.

గిన్నెలో తడి ఇసుక పోసి, అందులో రెండు పాదాలూ పెట్టి, గోడకు దిగేసిన కొయ్యమేకు పట్టుకుని అటూ ఇటూ తిరిగేది. చిలుమంతా రాలి రాగి ఎర్రబడేదాకా తిరిగేది. తరువాత కొలిమి మీద కాల్చి, నవాసాగరం చల్లి, తగరం ముక్క కరిగించి, దూది పట్టుకుని ఒక్క ఊపున తుడిచేది. లోపలంతా తెల్లబడేది. ఆవిడ పాదాలు మాత్రం ఏడాది పొడుగునా ఆకుపచ్చగా ఉండేవి. ఎంత తోమినా ఆ రంగు పోయేది కాదు.

కొలిమి పక్క గూట్లో ఒక మట్టి జాడీ ఉండేది. మూరెడు ఎత్తు, వెడల్పు మూతి. అంచు ఒకచోట చిట్లింది. లోపలంతా మసి. అందులో ఆవిడ ఏనాడూ గింజలు పోయలేదు, నీళ్ళు పోయలేదు. శుక్రవారం పొద్దు వాలేవేళ దాన్ని కిందికి దించి, ప్రమిద వెలిగించి, జాడీ లోపల అడుగున పెట్టేది. మిగతా ఇళ్ళలో సబ్బాతు విశ్రాంతిదినపు దీపాలు బల్లల మీద, నలుగురికీ కనిపించేలా వెలిగేవి. ఓలాయా దీపం జాడీలో వెలిగేది. పక్కనుంచి చూస్తే ఏమీ లేదు. మీదికి వంగి చూస్తేనే వెలుగు.

ఊరి పెద్దలకు ఆ జాడీతోనే పేచీ వచ్చింది.

ఓలాయా పుట్టింది పోర్చుగల్‌లో, ఎవోరా పట్నంలో. అక్కడ యూదుడన్నవాడు ఉండకూడదు. ఆవిడ తాతను రాజు మనుషులు జుట్టు పట్టుకుని లాక్కెళ్ళి, తలమీద నీళ్ళు పోసి, ఇకనుంచి క్రైస్తవుడివి అన్నారు. అప్పటినుంచి ఆ ఇంట్లో అందరూ ఆదివారం చర్చికి వెళ్ళారు, మోకరించారు, పిల్లలకు అక్కడి పేర్లే పెట్టారు. శుక్రవారం సాయంత్రం మాత్రం తల్లి తలుపు గడియ వేసి జాడీలో దీపం పెట్టేది. వీధిలోకి వెలుగు పడకూడదు కదా. తోరా, అంటే దేవుడిచ్చిన ధర్మం, అని చెప్పుకోవడానికి ఆ ఇంట్లో మిగిలింది అంతే. పుస్తకం లేదు. చదవగలిగినవాళ్ళు లేరు. దేవుడు ఒక్కడే అన్న మాట ఒకటి, ఏడాదికొక పెద్ద ఉపవాసం, జాడీలో దీపం.

ఓలాయాకు పందొమ్మిదేళ్ళప్పుడు చర్చి విచారణవాళ్ళు తల్లిని పట్టుకెళ్ళారు. ఎవరు చెప్పారో తెలియలేదు. ఏడాదిన్నర తరువాత తల్లిని కాల్చడానికి సంతబయలులో కట్టెలు పేర్చారు. ఓలాయా జనంలో నిలబడి చూసింది. ఏడిస్తే తననూ పట్టుకెళ్తారు. ఏడవలేదు. ఇంటికి వచ్చి జాడీ తీసింది. ఆ రోజు శుక్రవారం కాదు. అయినా వెలిగించింది.

ఇరవై రెండో ఏట ఓడెక్కింది. యూదులు దాక్కోనక్కరలేని సలోనికా పట్నంలో మెయిర్ అనే కళాయి పనివాణ్ణి పెళ్ళాడింది. పని అతని దగ్గరే నేర్చుకుంది. కొలిమి పొగకు దగ్గి దగ్గి అతను పోయాక, పట్టకారు, తిత్తి, తగరం కడ్డీలు ఒక గాడిద మీద వేసి, జాడీని మాత్రం తన ఒళ్ళో పెట్టుకుని సఫెద్ కొండెక్కింది. అప్పటికి ఆవిడకు నలభై మూడు.

వచ్చిన కొత్తలో పెద్దలు పేరు మార్చుకోమన్నారు. మన పేరు ఏదో ఒకటి పెట్టుకోమన్నారు.

"మా అమ్మను ఏడాదిన్నర హింసపెట్టారు. ఇంట్లో ఇంకెవరు దీపం పెడతారో చెప్పమని. ఓలాయా అన్న మాట ఆవిడ నోటినుంచి రాలేదు. ఆవిడ దాచిపెట్టిన పేరు. నేను పారేయను" అంది.

పేరు సంగతి అక్కడితో వదిలేశారు.

హఖాం యోమ్‌తోవ్ ఊరికి గురువు. బక్కమనిషి. గొంతు చిన్నది, వినాలంటే చెవి పెట్టాలి. గురువారం పొద్దున ప్రార్థన ముగిశాక మందిరం వెనక గదిలో తోరా లోపలి అర్థం చెప్పేవాడు. మగవాళ్ళు పదీ పన్నెండుమంది చాపల మీద, ఆడవాళ్ళు చెక్క జాలీ వెనక. ఆ గదిలోకి ఊరికే వెళ్ళడానికి లేదు. వినేవాళ్ళు ముందు తమను తాము పాత్ర చేసుకోవాలి. తెల్లవారుతూనే ఊటనీళ్ళలో మునగాలి. ప్రార్థన అయ్యేదాకా పెదవి విప్పకూడదు. ముందురోజు నుంచీ ఎవరి మీదా కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకున్నవాడు, అది తన కడుపుకు మాత్రమే తెలిసినా, ఆ వారం తనంతట తానే బయట ఉండిపోవాలి. కడగని గిన్నెలో పోసిన పాలు విరిగినట్టే కడగని మనిషిలో పోసిన తోరా విరుగుతుందని వాళ్ళ నమ్మకం.

ఎవరు వినవచ్చో చూసేవాడు అవ్నేర్. మందిరం పెత్తనం అతనిది. పోర్చుగల్ నుంచి వచ్చినవాళ్ళకు అతను ఒక షరతు పెట్టాడు. అక్కడినుంచి తెచ్చుకున్న మట్టిపాత్ర ఏది ఉన్నా పగలగొట్టి రావాలి. నిషిద్ధమైన తిండి సారం పీల్చుకుంటే రాగి దాన్ని మరిగే నీళ్ళలో వదిలేస్తుంది. మట్టి వదలదు. ఇది అతను పుట్టించిన మాట కాదు, ధర్మశాస్త్రంలో ఉన్నదే. అందరూ పగలగొట్టారు. ఓలాయా పగలగొట్టలేదు.

నాలుగేళ్ళుగా ప్రతి గురువారం ఆవిడ ఊటలో మునిగి, తల ఆరబెట్టుకుని, తెల్లముసుగు వేసుకుని గది గుమ్మందాకా వెళ్ళేది.

"జాడీ?" అనేవాడు అవ్నేర్.

"ఇంట్లో ఉంది" అనేది ఓలాయా.

వెనక్కి తిరిగి వచ్చి కొలిమి రాజేసుకునేది. మంచు పడిన గురువారాల్లో కూడా వెళ్ళింది. ఒకసారి జ్వరంతో వెళ్ళింది.

జాలీ వెనక కూర్చునేవాళ్ళలో పక్కింటి ఎస్త్రేయా ఉండేది. పాఠం ముగిశాక వచ్చి, గుర్తున్నంత చెప్పేది.

"ఇవాళ ఏం చెప్పారే?"

"ఏముందొదినా. మొదట్లో దేవుడు తన వెలుగుని పాత్రల్లో పోశాడట. పాత్రలు తట్టుకోలేక పగిలిపోయాయట. ఆ పెంకుల్లోంచే ఈ లోకమంతా వచ్చిందట."

"అన్నీ పగిలాయా?"

"ఏమో మరి. అప్పటికి నాకు కునుకు పట్టింది."

"నీకు చోటిచ్చి మరీ నిద్రపుచ్చుతున్నాడు, చూడు అవ్నేర్."

"నన్నంటావేం. నా కుండలు నేను పగలగొట్టుకుని వెళ్ళాను. నా నిద్ర నా ఇష్టం."

అన్నీ పగిలాయా? ఆ ప్రశ్న ఓలాయాలో ఉండిపోయింది. ఇసుకలో పాదాలు తిప్పుతున్నంతసేపూ అదే ఆలోచన. వీధిలో ఎవరినో అడిగి తెలుసుకునేది కాదు అది. ఆ గదిలో కూర్చుని, ఆయన్నే అడగాలి.

ఆ ఏడు పండుగ ముందు మంగళవారం నాడు అవ్నేర్ స్వయంగా కిందివీధికి వచ్చాడు. వెనక మోతమనిషి ఒక పెద్ద డేగిసా దించి వెళ్ళిపోయాడు.

"ఓలాయమ్మా, ఎల్లుండి మధ్యాహ్నం మందిరం పెరట్లో గంగాళం మరుగుతుంది. ఈలోగా దీన్ని తోమి ఉంచు. ముంచి తీయాలి."

ఓలాయా డేగిసాను బోర్లించి, గోటితో ఒకచోట తట్టింది.

"ఇక్కడ అతుకుంది."

"ఎప్పటిదో. మా నాన్న వేయించాడు."

"అతుకు కింద పాత పులిసిన పిండి ఉంది. శబ్దం మొద్దుగా వస్తోంది, వినండి. అతుకు ఊడదీసి నిప్పులో పెట్టాలి. ఊరికే ముంచితే పండుగకు పనికిరాదు."

"అతుకు ఊడదీస్తే గిన్నె మిగలదు."

"మిగిలితే మిగులుతుంది. లేకపోతే లేదు. నా జాడీకి మీరు చెప్పిన న్యాయమే కదా."

గిన్నెల కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు నవ్వు కనపడకుండా నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అవ్నేర్ చెవులు ఎర్రబడ్డాయి. కాని నోరు జారలేదు. బోర్లించిన గిన్నె మీద కూర్చుని, వాళ్ళు వెళ్ళేదాకా ఆగాడు.

"మా తాతలు స్పెయిన్ వదిలినప్పుడు కట్టుబట్టలతో వదిలారమ్మా. ఇళ్ళు పోయాయి, తోటలు పోయాయి. తలమీద నీళ్ళు మాత్రం పోయించుకోలేదు. మీవాళ్ళు పోయించుకున్నారు. వాళ్ళ తిండి తిన్నారు, వాళ్ళ బొమ్మలకు మోకరించారు. తప్పు పట్టడంలేదు. పీల్చుకున్నది వదిలించుకోమంటున్నాను, అంతే."

"మీ తాతకి ఓడ దొరికింది. మా తాతకి దొరకలేదు. తేడా అంతే కదయ్యా."

అవ్నేర్ గొంతు తగ్గించాడు.

"హఖాం గారు నిన్ను గురించి అడిగారు. ప్రతివారం గుమ్మంలో వినిపించే ఆ గొంతు ఎవరిదని. ఈ గురువారం లోపలికి రా. జాడీ కూడా తీసుకురా. అందరిముందూ ఒక్క మాట చెప్పు. ఇందులో నిషిద్ధమైనది ఏదీ ఎన్నడూ పడలేదు అని. ఇంకేమీ అడగను. జాడీ నీది, చోటూ నీది."

"ఒట్టు వేయాలా?"

"నీ మాట చాలు."

లేచి నాలుగడుగులు వేసి, తిరిగి చూశాడు.

"ఆ అతుకు ఊడదీసెయ్" అన్నాడు.

అవ్నేర్ చెడ్డవాడు కాడు. తలుపు కాయమన్నారు, కాస్తున్నాడు.

అతను సందు తిరగకముందే ఎస్త్రేయా గోడమీదినుంచి తల ఎత్తింది.

"అంతా విన్నానొదినా. ఇంకేం కావాలి నీకు? ఒక్క మాట. చెప్పేసి వచ్చి నాపక్కన కూర్చో. నేను తూలితే గిల్లుదువుగాని."

ఓలాయా పట్టకారు తీసుకుని అతుకు ఊడదీసే పనిలో పడింది. అతుకు కింద బొటనవేలంత నల్లటి పిండి ముద్ద ఉంది. దాన్ని నిప్పులోకి విదిలించింది.

జాడీలో నిషిద్ధమైనది పడింది. ఆ సంగతి తెలిసినవాళ్ళలో ఈ భూమ్మీద మిగిలింది ఆవిడ ఒక్కతే.

అప్పుడు ఆవిడకు పన్నెండేళ్ళు. శుక్రవారం సాయంత్రం. దీపం అప్పుడే పెట్టారు. తలుపు దబదబా మోగింది. అలాంటి ఇళ్ళలో ఎప్పుడూ ఒక గిన్నెడు పంది కొవ్వు పొయ్యి పక్కన ఉంచుకునేవారు, తినడానికి కాదు, వచ్చినవాడి కంట పడటానికి. తల్లి ఆ గిన్నె ఎత్తి, కరిగిన కొవ్వునంతా జాడీలో కుమ్మరించింది. చుయ్‌మని దీపం చచ్చింది. లోపలికి వచ్చిన చర్చి తనిఖీ మనిషి ఇల్లంతా తిరిగి, జాడీ మీదికి వంగి, వాసన చూసి, మంచి కొవ్వే అని నవ్వి వెళ్ళిపోయాడు. ఇంట్లో ఆ పూట తొమ్మిదిమంది ఉన్నారు. తొమ్మిదిమందీ బతికారు. తరువాత తల్లి జాడీని బూడిదతో తోమింది, వేణ్ణీళ్ళతో తోమింది. మళ్ళీ శుక్రవారం అందులోనే దీపం పెట్టింది. వేరే జాడీ కొనలేదు.

గురువారం తెల్లవారింది. ఓలాయా ఊటలో మునిగింది. జాడీని శాలువలో చుట్టుకుని మందిరం వెనక గదికి వెళ్ళింది. అవ్నేర్ గుమ్మంలోంచి పక్కకు తప్పుకున్నాడు. నాలుగేళ్ళలో మొదటిసారి ఆవిడ గడప దాటింది.

గది ఆవిడ అనుకున్నదానికన్నా చిన్నది. సున్నం పెచ్చులూడిన గోడలు. హఖాం ఒక మూల దిండు మీద కూర్చున్నాడు.

"ఇలా రా తల్లీ. నీ పేరేమిటి?"

"ఓలాయా."

"అది మన పేరు కాదే" అన్నారెవరో వెనకనుంచి.

"నాది" అంది ఓలాయా.

శాలువ విప్పి జాడీని ఆయన ముందు నేలమీద పెట్టింది. మసి బారిన ఆ మట్టిపాత్రను చూడటానికి అందరూ మెడలు చాచారు. అవ్నేర్ ముందుకు వచ్చాడు. ఆవిడకు పని తేలిక చేద్దామనే, ఊ అంటే సరిపోయేలా అడిగాడు.

"ఈ జాడీలో నిషిద్ధమైనది ఏదీ పడలేదు కదా తల్లీ?"

"పడింది."

జాలీ వెనక ఎస్త్రేయా ఉలిక్కిపడి కదిలిన చప్పుడు వినిపించింది.

"పంది కొవ్వు. కరిగింది. సగానికి పైగా" అంది ఓలాయా.

దగ్గరున్నవాళ్ళు అంగీ అంచులు వెనక్కి లాక్కున్నారు. అవ్నేర్ ముఖం పాలిపోయింది.

"ఒక్క మాట అడిగాను" అన్నాడు మెల్లగా. "ఒక్కటంటే ఒక్కటి."

"ఇరవై రెండేళ్ళు రోజూ అబద్ధమే చెప్పానయ్యా. చర్చిలో చెప్పాను. సంతలో చెప్పాను. మా అమ్మ కాలుతుంటే ఆవిడెవరో నాకు తెలియనట్టు నిలబడ్డాను. నేను చెప్పాల్సిన అబద్ధాలు అయిపోయాయి. తోరా వినడానికి కూడా అబద్ధమే చెప్పాలంటే అక్కడే ఉండేదాన్ని కదా. ఓడెక్కడం దేనికి?"

అప్పుడు ఆ శుక్రవారం సంగతి చెప్పింది. నాలుగైదు మాటల్లో చెప్పింది. ఏడవలేదు.

"విన్నారు కదా" అన్నాడు అవ్నేర్, హఖాం వైపు తిరిగి. "నాకు జాలి లేక కాదు. శాస్త్రం మారదు. మట్టి వదలదు. అది పగలాలి."

హఖాం జాడీ మూతి మీద వేలు పెట్టి చిట్లిన చోట తడిమాడు.

"ఇంకొక దారి ఉంది" అన్నాడు. "కుమ్మరి ఆవంలో పెట్టి మళ్ళీ కాలిస్తే కొత్తపాత్ర కిందే లెక్క. కాని ఆ పని ఎవరినీ చేయనివ్వం. పగులుతుందేమోనన్న భయంతో సొంతదారు పూర్తిగా కాలకముందే బయటికి తీస్తాడు. అందుకని ఆ దారి మూసేశారు." తల ఎత్తి చూశాడు. "నిప్పు పని తెలిసినదానివి. నువ్వు కాలుస్తానంటే ఆ దారి తెరుస్తాను."

"కాల్చను."

"భయమా?"

"ఇది తట్టుకుంటుంది హఖాం గారూ. మట్టి చూస్తే తెలుస్తుంది నాకు. భయం లేదు. ఎందుకు కాల్చాలి అంటున్నాను. ఇందులో నేను కూడు వండను, నీళ్ళు తాగను. మా అమ్మకి పుస్తకం లేదు, మీలాంటి గురువు లేడు. దేవుడి వెలుగు పోసుకోవడానికి ఆవిడకి ఉన్న పాత్ర ఇదొక్కటే. ఒక్క పూట కొవ్వు పీల్చుకుంది. నలభై ఏళ్ళకు పైగా వెలుగు పీల్చుకుంది. అది వదలకపోతే ఇదీ వదలదు. మట్టి వదలదని మీరే కదా అంటారు. ఆవంలో పెడితే రెండూ పోతాయి. కొత్త జాడీ నాకెందుకు? సంతలో బోలెడున్నాయి."

ఓలాయా వంగి జాడీని ఎత్తుకుంది.

"ఇది పగలదు. ఆవంలోకి వెళ్ళదు. నేను బయటికీ వెళ్ళను."

నడిచి చెక్క జాలీ వెనకకు వెళ్ళింది. ఆడవాళ్ళు ఎటు చూడాలో తెలియక నేలను చూశారు. ఎస్త్రేయా చాప మీద జరిగింది. ఆ చోటులో ఓలాయా కూర్చుని, జాడీని ఒళ్ళో పెట్టుకుంది.

అవ్నేర్ హఖాం వైపు చూశాడు. లేపమని ఒక్క మాట వస్తే చాలు, వెళ్ళి లేపేవాడు. హఖాం పుస్తకం తెరిచాడు. అవ్నేర్ పిడికిళ్ళు బిగిసి ఉన్నాయి. కాసేపటికి వాటిని తానే చూసుకున్నాడు.

"నాకు కోపం వచ్చింది" అన్నాడు.

చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు. నియమం అతనికీ ఒకటే.

హఖాం పాఠం మొదలుపెట్టాడు. అదే పాఠం, ఏటా పండుగ ముందు చెప్పేదే. మొదట్లో చోటు లేదు, వెలుగే ఉంది. వెలుగు కొంచెం వెనక్కి తగ్గి చోటిచ్చింది. ఆ చోట్లో పాత్రలు నిలిచాయి. పాత్రల్లోకి వెలుగు దిగింది. పాత్రలు తట్టుకోలేకపోయాయి. ఆయన గొంతు చిన్నది. ఓలాయా ముందుకు వంగి వింది. ఇసుక శబ్దం లేకుండా, తిత్తి శబ్దం లేకుండా, ఎస్త్రేయా నిద్ర అడ్డు లేకుండా వింది.

"అన్నీ పగిలాయా?"

జాలీ వెనకనుంచి ఆ గదిలో అంతవరకు ఎవరూ మాట్లాడింది లేదు. మగవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. తెరిచిన గుమ్మం అవతల, మెట్టు మీద అవ్నేర్ తల ఇటు తిరిగింది.

హఖాం పుస్తకం మీదినుంచి చూపు ఎత్తి జాలీ వైపు చూశాడు. చెక్క సందుల్లోంచి ఆయనకు ఏం కనిపించిందో తెలియదు. జాలీ కింద జానెడు ఖాళీ ఉంది. అక్కడ రెండు ఆకుపచ్చ పాదాలు ఉన్నాయి.

"లేదు తల్లీ" అన్నాడు. "అన్నీ కాదు."

"అదే అనుకున్నాను" అంది ఓలాయా.